కొంగ రెక్క కింద మచ్చ

ప్రియమైన అక్కకు,

మనిద్దరం ఏటేటా కొని దాచుకునే వెండి నాణెం, ఈ ఏటిది వచ్చిందే. పొగమంచులోంచి లేస్తున్న కొంగ. కిటికీ వెలుగులో దాన్ని చూస్తూ కూర్చుంటే కుట్టుపని, వేషాల బట్టల కోసం నాటకాల వాళ్లు పెట్టే తొందర, అన్నీ ఎక్కడో దూరంగా తేలిపోయాయి. అంతలో కొంగ రెక్క కింద పాలచుక్కలాంటి మచ్చ కనిపించింది. కొత్త వెండికి అలాంటివి పడతాయని నీకూ తెలుసుగా. ఒళ్లు మండి, నాణెం కొన్న దుకాణానికి వెళ్లాను.

దుకాణం పెద్దాయన భూతద్దంతో చాలాసేపు చూశాడు. "నాణెం మీద ఏం లేదమ్మా. ఒకసారి ఆ గోడకేసి చూడు" అన్నాడు.

చూశాను. గోడ మీదా ఉంది మచ్చ.

చూపు మెల్లమెల్లగా పోతుందట, మళ్లీ రాదట. డాక్టరు చెప్పింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదక్కా. కళ్లజోడు మార్చాలని బొంకి, సూదిలో దారం చిన్నదాని చేత ఎక్కిస్తున్నాను. ఇన్నేళ్లు మురిపెంగా కూడబెట్టిన నాణేలన్నీ నీకు పంపేస్తాను. చూడలేని అందాన్ని ఇంట్లో పెట్టుకుని కుమిలిపోలేను.

నీ చిట్టి

*

అక్కా,

మాటలు నావి, అక్షరాలు చిన్నదానివి. వంకరగా ఉంటే దాన్నే తిట్టు.

నాణేలు సర్దుతుంటే వచ్చి, "ఇవన్నీ ఎక్కడికమ్మా?" అంది. అంతే, ఏడుపు ఆగలేదు. అంతా చెప్పేశాను. అది ఓదార్చలేదు. కొంగ నాణెం ఉన్న ప్లాస్టిక్ డబ్బీ మూత పుటుక్కున తీసింది.

"ముట్టుకోకే! వేలిముద్రలు పడితే పాడైపోతుంది!"

"పడనీ. పరాయివాళ్ల వేళ్లా ఏంటి?" అంటూ నా అరచేతిలో పెట్టేసింది.

ఎంత చల్లగా ఉందో! నాదే అయినా ఏనాడూ తాకి ఎరగను. కళ్లు మూసుకుని బొటనవేలితో తడిమాను. ఈకలు, రెల్లుగడ్డి, సన్నటి అలలు. ఆ అలల్లో ఇంకేదో తగిలింది.

"ఇక్కడ చేపపిల్ల ఉందే!"

"ఏదీ? నాకు కనిపించట్లేదే" అని అది నాణేన్ని అటూ ఇటూ తిప్పి, చివరికి, "అమ్మో, నిజమే!" అని అరిచింది.

ఆ అరుపుకి మీ మరిదిగారు పరుగెత్తుకొచ్చారు. ఆయనకీ చెప్పాను. నా పక్కనే నేలమీద కూర్చుని ఒక్కొక్క మూతా తీసి నాణేలు నా ఒళ్లో పోశారు. ఆ సాయంత్రమంతా నా వేళ్ల మీద పక్షులు ఎగిరాయి, తిమింగలాలు ఈదాయి.

పార్సిలు పంపుతున్నాను. అన్నీ ఖాళీ డబ్బీలే, నీ నాణేలకు వాడుకో. నావి నా దగ్గరే ఉంటాయి.

నీ చిట్టి