రెండో అల

1983 జూన్ 14

గైడ్ జగన్‌మోహన్ గారు గ్రాఫ్ చూసి పెదవి విరిచారు.

నీళ్లు నిండిన బెజ్జాల రాయిలోంచి అలను పంపితే ఏమవుతుందో కంప్యూటర్‌తో లెక్కకట్టడం నా థీసిస్. అందుకు మా జహీరాబాద్ ఎర్రరాయినే తీసుకున్నాను. దాని ఒళ్లంతా బెజ్జాలే. మొదటి అల రయ్యిన పోతోంది. దాని వెనకాల చిన్నగా, మెల్లగా ఇంకొకటి. సిద్ధాంతం ప్రకారం అది ఉండాల్సిందే. సార్ మాత్రం ప్రోగ్రాంలో తప్పు అంటారు. తీసేయకపోతే థీసిస్ మీద సంతకం పెట్టరట.

కాలేజీలో ఫిజిక్స్ చెబుతూ, సెలవు దొరికినప్పుడల్లా హైదరాబాద్ బస్సెక్కి చేసిన పని ఇది.

జూన్ 15

తీసెయ్యను.

జూన్ 22, సాయంత్రం

టైమ్ స్టెప్, అంటే లెక్క ఒక్కో అడుగుకీ ముందుకు జరిగే కాలం, సగానికి తగ్గించి కొత్త రన్ సిద్ధం చేశాను. లెక్కలో తప్పైతే రెండో అల చెదిరిపోవాలి. నిజమైతే ఉన్నచోటే ఉండాలి.

బస్టాండులో వాన. చేతిలోంచి డబ్బా జారింది. ప్రోగ్రాం అంతా ఉన్న పంచ్ కార్డులన్నీ బురదలో! ఏడుపు ఒక్కటే తక్కువ. పక్కనే ఉన్న సర్వరీ బేగం, మా కాలేజీ ఉర్దూ లెక్చరర్, పర్సు నా చేతిలో పెట్టి బురదలో కూర్చుంది. "ఫికర్ చెయ్యకు. ఏరుదాం పా." కండక్టర్ కూడా దిగి నాలుగు ఏరిచ్చాడు. కోహీర్ వెళ్లే ఒకావిడ ఖాళీ గంప ఇచ్చింది. బస్సు మాత్రం వెళ్లిపోయింది.

సర్వరీ ఇంట్లో ఫ్యాన్ కింద కార్డులు ఆరబెట్టి, నంబర్లు చూసి వరసగా పేర్చాం. వాళ్లమ్మ మహబూబీ గారు పేకాట అనుకుని తనకూ పంచమన్నారు.

ఈ రెండో అల గొడవేమిటని సర్వరీ అడిగితే చెప్పాను. చేతిలో కార్డు వరసలో పెడుతూ అంది.

"ఆలస్యంగ వచ్చిన పోరికి గూడ నేను హాజరు వేస్త. మీ సార్ ఎందుకు వెయ్యడు?"

నవ్వలేక చచ్చాను.

జూన్ 25

పాడైన కార్డులు హైదరాబాద్ కంప్యూటర్ సెంటర్‌లో మళ్లీ పంచ్ చేయించి ఇచ్చాను. మెషీన్ దగ్గర క్యూ పెద్దది. ఫలితానికి ఆగాలి. అన్నం సయించడం లేదు.

జూలై 5

ఉంది! అదే చోట, అదే ఎత్తులో.

సార్ పాత గ్రాఫ్, కొత్త గ్రాఫ్ ఒకదాని మీద ఒకటి పెట్టి చూశారు. తర్వాత, నీళ్లు రాయితో పాటే తప్ప విడిగా కదలకుండా బిగించి చూడమన్నారు. అదీ చేసే తెచ్చాను. ఆ గ్రాఫ్ పక్కన పెట్టాను. రెండో అల మాయం. కదలనిస్తే మళ్లీ ప్రత్యక్షం.

సార్ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. తొందరపడి మాట అన్నానమ్మా, క్షమించు అన్నారు. డిపార్ట్‌మెంట్ మొత్తాన్నీ పిలిచి గ్రాఫ్ చూపించారు. నా కంటే ఆయనే ఎక్కువ గంతులేశారు. సంతకం సంగతి ఇద్దరం మరిచిపోయాం. బస్సెక్కబోతుంటే ఆయనే పరుగున వచ్చి, ఫుట్‌బోర్డు మీద పేపర్లు పెట్టి సంతకం చేశారు.

జూలై 6

క్లాసులో పిల్లలకి రెండో అల గురించి చెబుతుంటే బోర్డు చాలలేదు. సమీకరణం గోడ మీదికెక్కింది. ప్రిన్సిపాల్ సున్నం వేయిస్తామన్నారు. దాన్ని చెరపడానికి పిల్లలు ఒప్పుకోలేదు.