మదుం లేని రిలీజ్

9 అక్టోబర్ 2025, గురువారం

సిరిమాను ఉత్సవం చూసుకుని నిన్న విజయనగరం నుంచి వచ్చాను. పొద్దున రుషికొండ ఆఫీసులో లాప్‌టాప్ తెరిస్తే నేను రాసిన కోడ్ లైబ్రరీ నాది కాదు.

మా టీమ్ లీడ్ సన్యాసిరాజు గారు శనివారం సాయంత్రం అందరికీ ఒక మెయిల్ పెట్టారు. ఇకనుంచి ఫ్లోగేట్‌కి, అంటే నా లైబ్రరీకే, బాధ్యుడు అంటే మెయింటెయినర్ గోపి, అభ్యంతరాలుంటే మూడు రోజుల్లో చెప్పండి అని. ఎవరూ చెప్పలేదు. మా దగ్గర అదే పద్ధతి. ఏ ప్రతిపాదనైనా మూడు రోజులు మెయిల్లో నానుతుంది. ఎవరూ నోరెత్తకపోతే ఒప్పుకున్నట్టే. ఆ మూడు రోజులూ నేను పైడితల్లమ్మ జాతరలో, జనం మధ్య, చచ్చిన ఫోనుతో ఉన్నాను. సెలవు ఇచ్చింది ఆయనే.

గోపి ఆయన భార్యకి తమ్ముడు. ఆఫీసులో కూడా బావా అనే పిలుస్తాడు. చేరి ఏడాది కాలేదు.

ఫ్లోగేట్ అన్నది కూడా ఆయన తగిలించిన పేరే. నేను పెట్టుకున్న పేరు మదుం. దాని సంగతి ఇక్కడైనా నా మాటల్లో రాసుకోనీ. ఒక ఫ్యాక్టరీలో మెషీన్ల మధ్య సమాచారం పంపే నెట్‌వర్క్ స్విచ్చులు వందలుంటాయి. ఏది ఎటు పంపాలో వాటికి చెప్పే పెద్దదిక్కు కంట్రోలర్. కరెంటు పోయి వచ్చిందంటే స్విచ్చులన్నీ ఒక్కసారే దాని మీద పడి అరుస్తాయి. అది ఉక్కిరిబిక్కిరై కూలబడుతుంది. చెరువు మదుం దగ్గర, అదే తూము దగ్గర, నీళ్లు వదిలినట్టు, ఆ అరుపుల్ని వంతుల ప్రకారం లోపలికి వదిలేది నా కోడ్. మా కంపెనీలో మూడు కంట్రోలర్ టీములూ దాన్నే వాడుకుంటాయి. రెండేళ్లు కూర్చుని రాశాను. మార్చిలో ఆయన బెంగళూరు వెళ్లి, పేరు మార్చి, తనే రాసినట్టు స్లైడ్లు వేసి చప్పట్లు కొట్టించుకొచ్చారు. అప్పుడు ఊరుకున్నాను. ఊరుకునేదాన్ని అని ఆయనకి తెలిసిపోయింది.

అదే రోజు, సాయంత్రం

ఇంట్లో చెప్పాను. నువ్వు దున్నిన సేన్లో ఇంకోడు ఇత్తనాలు సల్లుకుంతంటే సూత్తా కూకున్నావేటే అన్నాడు నాన్న. జీతం ఇత్తన్నారు కదా, ఆడపిల్లకి అంత రోసం ఎందుకంది అమ్మ. నాన్న అమ్మ వైపు చూసిన చూపుకి ఆవిడ పప్పు తాలింపు వెయ్యడానికి లేచిపోయింది.

10 అక్టోబర్

వెళ్లి సన్యాసిరాజు గారిని అడిగాను. ఆయన కుర్చీ చూపించారు. కాఫీ తెప్పించారు. చూడమ్మా మధులతా, లైబ్రరీ ఎవరి సొత్తూ కాదు, ఉమ్మడిది, నాదీ నీదీ అనుకుంటే టీమెలా అవుతుంది అన్నారు. నీకింకా పెద్ద బాధ్యత ఇస్తున్నాను, ఈసారి లైబ్రరీల రిలీజ్ కోఆర్డినేటర్‌వి నువ్వే అన్నారు.

అంటే తేదీలు రాయడం, అందరికీ రిమైండర్లు పెట్టడం. పెళ్లిలో శుభలేఖలు పంచే పని లాంటిది. భోజనాల దగ్గర మనల్ని ఎవరూ పిలవరు.

థాంక్యూ సర్ అన్నాను. నవ్వాను కూడా. ఆ నవ్వు గుర్తొస్తే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తోంది.

ఇకనుంచి ఈ పుస్తకంలో అతనికి గారు లేదు.

11 అక్టోబర్

వదలను.

16 అక్టోబర్, గురువారం

రిలీజ్ ప్లాన్, అంటే కొత్త వెర్షన్లు బయటికి పంపే ప్లాన్, రాయాలి. ఏ లైబ్రరీ వెళ్తుంది, ఏ వెర్షన్, ఇక మార్పులు లేవనే కోడ్ ఫ్రీజ్ ఎప్పుడు, ఏ టీము ఎప్పుడు టెస్ట్ చెయ్యాలి. ఇన్నేళ్లూ పాత ప్లాన్ కాపీ కొట్టి తేదీలు మార్చేవారట. దాన్ని చదివినవాళ్లు లేరు. నేను చదివాను. బస్సులో గాజువాక నుంచి రుషికొండ దాకా, మళ్లీ వెనక్కి. అందులో ఒక వాక్యం ఉంది. కోఆర్డినేటర్ కొత్త నియమాలు ప్రతిపాదించవచ్చు.

కిటికీలోంచి సముద్రం కనిపిస్తోంది. చాలా రోజుల తర్వాత ఆకలేసింది.

17 అక్టోబర్, శుక్రవారం

సాయంత్రం, అందరూ దీపావళికి ఊళ్లకి బ్యాగులు సర్దుకుంటున్న వేళ, ప్లాన్ పంపాను. ఆరో పేజీలో నా నియమం: ఫ్రీజ్ రోజున ప్రతి మెయింటెయినర్ తన లైబ్రరీని కంట్రోలర్ టీముల ముందు స్వయంగా వివరించాలి. వివరించలేకపోతే అది ఈ రిలీజ్‌లో వెళ్లదు. మినహాయింపు ఇచ్చే అధికారం కోఆర్డినేటర్‌ది. అభ్యంతరాలుంటే మూడు రోజుల్లో చెప్పగలరు.

గ్లాసుడు నీళ్లు తాగినంత సేపట్లో సన్యాసిరాజు జవాబు. నోటెడ్. హ్యాపీ దివాలీ.

అతను ఏ మెయిలుకైనా అంతే. తెరవడు, నోటెడ్ అంటాడు. సెక్యూరిటీ గార్డు తల్లి పోయిందని హెచ్ఆర్ వాళ్లు మెయిల్ పెడితే నోటెడ్ విత్ థాంక్స్ అని కొట్టాడు. ఆ రోజు అందరం నవ్వుకున్నాం.

20 అక్టోబర్, దీపావళి

గడువు అయిపోయింది. ఎవరూ ఏమీ అనలేదు. మేడ మీద చిచ్చుబుడ్డి నేనే వెలిగించాను. దగ్గరే నిలబడ్డావేటే, ఒల్లు కాల్తాది, ఎనక్కి రా అని అమ్మ అరుస్తూనే ఉంది.

24 అక్టోబర్

హిమబిందు పట్టేసింది. అది నాతో పాటే చేరింది, ఇప్పుడు ఫ్యాక్టరీ కంట్రోలర్ టీములో ఉంది. ప్లాన్ మొత్తం చదివే మనిషి ఈ ఆఫీసులో నాకు తెలిసి ఇంకొకత్తే.

క్యాంటీన్లో ఎదురుగా కూర్చుని, ఆరో పేజీ ఎవరి కోసమే అంది. అందరి కోసం అన్నాను. నాకాడ సోది ఎట్టకు, గోపిగాడు మదుం గురించి రెండు ముక్కలు సెప్పలేడని నీకు తెల్దా అంది. అది ఒక్కత్తే ఇంకా మదుం అంటుంది. అచ్యుతాపురంలో ఫ్యాక్టరీ వాళ్లకి ఈ రిలీజ్‌తో కరెంటు పోయినా కంట్రోలర్ పడదని మేం మాటిచ్చేసాం, మదుం పీకేస్తే మళ్లీ పాత కోడ్ ఎట్టుకోవాలి, అక్కడ షిఫ్టు నడిచేటప్పుడు అది పడితే మా మొకాన ఉమ్ముతారు అంది. చివరికి, ఎలక మీద కోపానికి ఇల్లు తగలెట్టుకుంతావేటే అంది.

ఇల్లు నా పేరున ఉంటే కదా అన్నాను.

పెరుగన్నం సగంలో వదిలేసి లేచిపోయింది.

28 అక్టోబర్, మంగళవారం

తుపాను. ఆఫీసు మూసేశారు. కరెంటు వస్తోంది, పోతోంది. గోపి ఫోన్ చేశాడు. అక్కా, నాకేటీ తెల్దక్కా, బావ మెయింటెయినర్‌గా ఉండమన్నాడు, సరే అన్నాను, ఇప్పుడు అందరి ముందూ నిలబడి సెప్పాలంట, నువ్వు కొంచెం సెప్పవా అన్నాడు. ఆ వెనకాల ఎక్కడో రేకులు కొట్టుకుంటున్న చప్పుడు.

కోడ్ అక్కడే ఉంది, చదువుకో అన్నాను.

5 నవంబర్, బుధవారం

ఒకటి జరిగింది. అది నా ప్లాన్‌లో లేదు.

గోపి నిజంగానే చదివాడు. మదుం మొత్తం ప్రింటు తీసి, పసుపు పెన్నుతో గీతలు పెట్టి, నా సీటు దగ్గరకొచ్చి నిలబడ్డాడు. అక్కా, ఒక్కటే డౌటు. కంట్రోలర్ నిండిపోయినప్పుడు అన్నీ ఆపెయ్యాలి కదా, మరి ప్రతి స్విచ్చు నుంచీ అప్పుడప్పుడూ ఒక చిన్న మెసేజ్‌ని ఎందుకు వదుల్తన్నావు, లోపల చోటు లేదు కదా అన్నాడు.

రెండేళ్లలో నన్ను ఎవరూ అడగని ప్రశ్న. రివ్యూ చేసినవాళ్లు అడగలేదు. బెంగళూరులో చప్పట్లు కొట్టినవాళ్లు అడగలేదు. నేను ఆ లైను కోసం పదిహేను రోజులు కొట్టుకున్నాను. పూర్తిగా మూసేస్తే, జవాబు రాని స్విచ్చులు కంట్రోలర్ చచ్చిపోయిందనుకుని తెగిపోతాయి. తెగినవన్నీ మళ్లీ ఒక్కసారే వచ్చి పడతాయి. అది ఇంకా పెద్ద వరద. మా నాన్న చిన్నప్పుడు తాత మదుం ఎప్పుడూ పూర్తిగా బిగించేసేవారు కాదట, కింద మడివాడికి నీరు వత్తందని కంటికి కనపడాల, లేపోతే పార పట్టుకుని గట్టెక్కుతాడు అనేవారట. అక్కడి నుంచి తీసుకున్నాను దాన్ని.

ఇవన్నీ నోటి దాకా వచ్చాయి. వాడి చేతిలో కాగితాల అంచులు చెమటకి మెత్తబడి ఉన్నాయి. నా కోడ్ మీద మొదటిసారి ఎవరో వేలు పెట్టి చదివారు, ఆ వేలు వీడిది కావాలా?

ఇప్పుడు పనిలో ఉన్నాను గోపీ, తర్వాత చూద్దాం అన్నాను. సరే అక్కా అని వెళ్లిపోయాడు.

తర్వాత అనేది లేదని ఇద్దరికీ తెలుసు.

12 నవంబర్, బుధవారం

సన్యాసిరాజు ఆరో పేజీ చదివాడు. ముఖం చూస్తేనే తెలిసింది.

నా సీటు దగ్గరకి తనే వచ్చాడు. అమ్మా, మన మధ్య ఏదో కమ్యూనికేషన్ గ్యాప్ వచ్చింది, గోపితో పాటు నీ పేరు కూడా మెయింటెయినర్‌గా పెడదాం, నువ్వే వివరించు, నీకంటే బాగా ఎవరు చెప్తారు అన్నాడు. అతని నోటి నుంచి ఆ మాట వినాలని ఎనిమిది నెలలుగా చచ్చాను. విన్నాక చల్లగా ఉంది, అంతే.

మెయింటెయినర్‌ని మార్చాలంటే ప్రతిపాదన పెట్టి మూడు రోజులు ఆగాలి సర్, ఫ్రీజ్ ఎల్లుండే కదా అన్నాను.

ఇంత కక్ష పనికిరాదు మధులతా అన్నాడు.

నోటెడ్ సర్ అన్నాను.

14 నవంబర్, శుక్రవారం

జరిగింది. వరసగా రాస్తాను.

మీటింగ్ రూము నిండింది. తెర మీద బెంగళూరు నుంచి డైరెక్టర్ భీమశంకరరావు గారు. మిగతా లైబ్రరీలన్నీ సాఫీగా అయిపోయాయి. గోపి లేచాడు. బాగానే చెప్పాడు. నేను అనుకున్నదానికంటే చాలా బాగా. ఆ లైను దగ్గరకి వచ్చి ఆగాడు. ఇది ఎందుకు ఉందో నాకు తెలీదండీ అన్నాడు.

ఇంకో టీము అతను, తెలీకపోతే తీసేద్దామా, మాకు మెమరీ మిగుల్తుంది అన్నాడు. అప్పుడు సన్యాసిరాజు అందుకున్నాడు. అది ఊరికే సేఫ్టీ కోసం పెట్టింది, తీసేసినా ఏం కాదు అన్నాడు.

హిమబిందు తల ఎత్తలేదు. మేం కిందటి నెల తీసేసి టెస్ట్ చేశాం సర్, స్విచ్చులన్నీ తెగిపోయాయి, కంట్రోలర్ మూడుసార్లు పడింది అంది.

భీమశంకరరావు గారు నెమ్మదిగా, మార్చిలో ఇది మీరే డిజైన్ చేశానన్నారు కదండీ అన్నారు. సన్యాసిరాజు మెడ మీద నుంచి ఎరుపు పైకి పాకడం నేను చూశాను. రెప్ప వెయ్యకుండా చూశాను. ఏదో అనబోయాడు. ఈలోపు గోపి, బావ కాదండీ, ఇది మధులత అక్క రాసింది, మొత్తం అక్కే అన్నాడు.

అందరూ నా వైపు తిరిగారు. మధులత గారూ, మీరు వివరిస్తారా అన్నారు డైరెక్టర్.

రెండు నిమిషాలు చాలు. బోర్డు ఉంది, పెన్ను ఉంది. హిమబిందు కళ్లతోనే లేవవే అంటోంది.

నియమం ప్రకారం మెయింటెయినర్ వివరించాలండీ, నేను కోఆర్డినేటర్‌ని మాత్రమే అన్నాను.

అయితే మినహాయింపు మీ చేతిలోనే ఉంది, సోమవారం లోపు చెప్పండి అని ఆయన తెర ఆపేశారు.

16 నవంబర్, ఆదివారం

గోపి మెసేజ్. కంట్రోలర్ బతికే ఉందని స్విచ్చుకి తెలియడానికే కదా అక్కా, ఇంట్లో రెండు పాత స్విచ్చులు పెట్టి చూశాను అని. కింద ఫొటో. మంచం మీద వైర్లు.

కరెక్టు. పూర్తిగా కరెక్టు.

జవాబివ్వలేదు.

17 నవంబర్, సోమవారం

మినహాయింపు లేదని రాశాను. రిలీజ్ నుంచి మదుం తీసేసే పని కూడా కోఆర్డినేటర్‌దే.

తీసేసిన లైన్లు స్క్రీన్ మీద ఎర్రగా కనిపిస్తాయి. కిందికి జరుపుతూ పోయాను. ఎరుపు, ఎరుపు, ఎరుపు. ఇది దువ్వాడ స్టేషన్లో రైలు లేటయినప్పుడు రాసింది. ఇది జ్వరంతో రాసింది, కామెంట్‌లో తప్పుంది. ఇది తప్పని తెలిసీ బద్ధకించి వదిలేసింది. తీసేసినదాన్ని ఒప్పుకోవడానికి ఇంకొకరు కావాలి కాబట్టి హిమబిందుకి పంపాను. ఒక్క మాట రాయకుండా అప్రూవ్ చేసింది. మధ్యాహ్నం వేరే టేబుల్ దగ్గర కూర్చుని తింది.

21 నవంబర్, శుక్రవారం

సన్యాసిరాజుని లైబ్రరీల నుంచి తప్పించారు. అచ్యుతాపురం వెళ్లి, మాటిచ్చింది ఎందుకు రావడం లేదో ఫ్యాక్టరీ వాళ్లకి అతనే చెప్పుకోవాలట. అక్కడ అతన్ని ఎండలో గేటు దగ్గర నిలబెట్టారని విన్నాను. రెండుసార్లు చెప్పించుకున్నాను.

గోపి లిఫ్టులో కనిపించాడు. గుడ్ మార్నింగ్ మేడమ్ అన్నాడు.

28 నవంబర్, శుక్రవారం

రిలీజ్ వెళ్లింది. దాంతో పాటు వెళ్లే నోట్స్‌లో తొలగించినవి అన్న చోట ఒకే ఒక్క లైబ్రరీ. తొలగించినవారు: మధులత.

అమ్మకి ఇంగ్లీషు రాదు, నా పేరు మాత్రం పోల్చుకుంటుంది. ఫోను లాక్కుని ఆ అక్షరాల మీద వేలు ఆనించి, మా పిల్ల పేరు కంపెనీవోలు అచ్చేసినారు అని పక్కింటి చిలకమ్మ గారిని కేకేసింది. ఆవిడ చేతులు తుడుచుకుంటూ వస్తోంది.