నీలం పువ్వులు వేసిన తీర్థం

యాంకరేజ్,
జులై 19.

చిరంజీవి సౌభాగ్యవతి స్మృతికి అత్తయ్య దీవెనలు.

ఇక్కడ మేమిద్దరం కులాసా. మామయ్యకి బీపీ అదుపులోనే ఉంది. రెడ్‌మండ్‌లో నువ్వూ అనూప్ కూడా క్షేమమని తలుస్తాను. నువ్వు తెలుగు కూడబలుక్కుని చదువుతావని అక్షరాలు పెద్దగా రాస్తున్నాను. మావాడికి ఆ మాత్రం కూడా రాదు, నువ్వే చదివి వినిపించు.

ఫైర్‌వీడ్ పూసిందా అని అడిగావు. మన వీధి చివరంతా గులాబీ రంగే. పూత కింది నుంచి మొదలై కొసకి చేరితే ఆరు వారాల్లో మంచు పడుతుందని పక్కింటావిడ ఈ ఏడు కూడా చెప్పింది. ఇంకా సగమే పూసింది. మే నెలలో లేత చిగుళ్లతో పప్పు చేద్దామంటే మామయ్య వద్దన్నారు. పోయిన శ్రావణం నుంచి ఆయనకి ఆ మొక్కంటేనే భయం.

ఇక నీ రెండో ప్రశ్న. "అత్తయ్యా, లాస్ట్ ఇయర్ ఫైర్‌వీడ్ పూల జెల్లీలో నేను మిక్స్ చేసిన రాంగ్ ఫ్లవర్ ఏదో తెలిసిందా? మళ్లీ ఆ మిస్టేక్ చేయకూడదు" అని రాశావు.

నువ్వు ఏదీ కలపలేదమ్మా. వరలక్ష్మీవ్రతం నాడు మా తులసి ఎండిపోయి ఉంది. కాలవగట్టున నీలం పువ్వులు కనిపిస్తే ముచ్చటపడి కోసుకొచ్చి, పొద్దున్నే తీర్థం చెంబులో వేశాను. పూజయ్యాక మొదట మామయ్యకే మూడు ఉద్ధరిణెలు ఇచ్చాను. ఇంకెవరికీ ఇవ్వకముందే నాలుక మొద్దుబారిందన్నారు, వాంతులు మొదలయ్యాయి. నీ జెల్లీ అట్టు మీద రాసుకుని తిన్నది కూడా ఆ రోజు ఆయనొక్కరే.

ఆస్పత్రిలో డాక్టరు ఫోన్‌లో బొమ్మ చూపించాడు. ముసుగేసుకున్నట్టుండే నీలం పువ్వు, మంక్స్‌హుడ్ అట. పూర్వం ఇక్కడివాళ్లు తిమింగలాల వేటకి బల్లేలకి పూసిన విషమట. చూడగానే గుర్తుపట్టాను. ఈలోగా మీ మామయ్య అక్కగారు జానకీదేవి, "స్మృతి జెల్లీలో పడుంటుంది, అడ్డమైన పువ్వులూ కోసుకొచ్చిందిగా!" అన్నారు. నేను "అయ్యుంటుంది" అన్నాను.

వ్రతం నాడు నా చేత్తో మొగుడికి విషం పోశానని పదిమందిలో ఒప్పుకోవడానికి నోరు రాలేదు. నువ్వు ఏడుస్తూ సీసాలన్నీ చెత్తబుట్టలో పారేస్తుంటే చూస్తూ నిలబడ్డాను. క్రిస్మస్‌కి వచ్చినప్పుడు నువ్వు పొయ్యి దగ్గరికే రాలేదు. ఎందుకో తెలిసీ అడగలేదు. సిగ్గుగా ఉందమ్మా.

మొన్న మామయ్యకి చెప్పేశాను. "నాకు పోసింది తెలియక, సరే. ఆ పిల్ల మీదకి తెలిసే నెట్టావుగా" అన్నారు. అప్పటి నుంచి నాతో మాటల్లేవు.

ఆదివారం వీడియో కాల్‌లో జానకీదేవిగారితో సహా అందరూ ఉంటారు. అక్కడ నేనే చెబుతాను. నువ్వూ ఉండాలి. నీ మంచితనం నాకు తెలుసు, మధ్యలో "పర్లేదు అత్తయ్యా" అంటావు. అనకు తల్లీ, నన్ను చివరిదాకా చెప్పనీ.

ఇట్లు,
నీకు అన్యాయం చేసిన అత్తయ్య,
ఉమామహేశ్వరి