పడవ అడుగున మైనం

మంగళవారం రాత్రి

భుజాలు లాగేస్తున్నాయి. చెరువులో జనాన్ని తిప్పే మా పడవను ఇవాళ ఒడ్డుకు లాగి, బోర్లించి, కార్లకు పూసే మైనం రుద్దాను. నీళ్లపైకి కనిపించే భాగానికి రుద్దితే సరిపోయేది. అడుగుకు కూడా రుద్దితే నాచు పట్టదని సూపర్‌వైజర్ పట్టుబట్టాడు. సాయంత్రానికి అడుగంతా అద్దంలా మెరిసింది.

నాతో పాటు పడవ నడిపే యూసుఫ్ భాయ్ దాని మీద చెయ్యి వేశాడు. జర్రున జారింది.

"ఏంది భాయ్, గిట్ల జేసినవ్? చెర్వు నడుమ పడవ బోర్లపడితే దేన్ని పట్టుకుంటం?"

"లైఫ్ జాకెట్లు ఉన్నయ్ గదా."

"పిల్లలకే సరిపోతలేవు."

కిషన్‌బాగ్‌లో ఇల్లు చేరేదాకా అదే ఫికర్. రేపు గీకేస్తే సూపర్‌వైజర్‌తో లొల్లి. గీకకపోతే...

ఇన్నేళ్లుగా ఆ నీళ్ల మీదే బతుకుతున్నాం. ఈత మాత్రం భాయ్‌కీ రాదు, నాకూ రాదు.