లోపల, బయట, తెలియదు

ఆదివారం, ఆరాధన వేళ
సర్వర్ గది లోపలి నుంచి

ప్రియమైన తమ్ముడికి,

నీ అన్న దీవించి రాయునది. నువ్వూ అమ్మాయీ చల్లగా ఉన్నారని తలుస్తాను. ఇంటి దగ్గర మీ వదిన బాగుంది. నేనూ బాగానే ఉన్నాను గానీ, ఉన్న చోటే బాగాలేదు.

ఇది నీకు మామూలు ఉత్తరంలా అందదు, ఈ గది తలుపును నడిపే మన కోడ్‌లో మార్పుగా అందుతుంది. డిక్లరేషన్ల, అంటే ప్రకటనల, ఫైలు తెరిచి, మనిషి స్థితిని ప్రకటించే లైను పైన, వివరణ కోసం వదిలిన కామెంట్‌లో టైపు చేస్తున్నాను. ఫోను బయట పెట్టెలో వదిలి రావడం ఇక్కడి నియమం. ఈ గది కంప్యూటర్ నుంచి కోడ్ మార్పు తప్ప ఏ కబురూ బయటికి పోదు. ఆ మార్పులు చూసి ఒప్పుకోవాల్సిన వంతు ఈ వారం నీది. బైబిల్లో చేప కడుపులోంచి మొరపెట్టుకున్న ప్రవక్త గుర్తొచ్చాడు. ఆయనకు కీబోర్డు లేదు, అంతే తేడా.

జరిగింది చెబుతాను. సంఘంలో నేను చేసే ఆదివారం ప్రసంగానికి పోయేముందు ఒక సర్వర్ చూసుకుందామని వచ్చాను. ఊడ్చే అక్క బయటికొస్తూ, పెద్దవాణ్ణని నాకోసం తలుపు పట్టుకుని నిలబడింది. మర్యాద కాదనలేక కార్డు చూపించకుండానే దూరిపోయాను. తలుపు మూసుకుంది. పని ముగించి కార్డు చూపిస్తే ఎర్ర అక్షరాలు వెలిగాయి: మీరు బయట ఉన్నారు. మళ్ళీ చూపించాను. అదే మాట. లోపల ఉన్నవాడికే బయటికి దారి. రికార్డు ప్రకారం నేను లోపలికి రానేలేదు. దయ్యాన్ని గద్దించినట్టు గద్దించాను. అది దయ్యమైతే లొంగేది. నా సొంత రాత, నాకు లొంగలేదు. తలుపు తెరిచే లోపలి మీట పాడైతే, దాన్ని బాగుచేయడానికి ఊడదీసుకుపోయారు, గోడకు రెండు తీగలు వేలాడుతున్నాయి. ఇనుప తాళంచెవి గేటు తాత మొలలో ఉంటుంది. ఈ ఫ్యాన్ల హోరులో నేను ఎంత బాదినా ఆయనకు వినబడదు. ఇటు ఎప్పుడొస్తాడో ఆయన మోకాళ్లే నిర్ణయిస్తాయి.

ఈ ఫైలులో నా ప్రకటన నా కళ్లెదుటే ఉంది. స్థితి: లోపల, బయట. ఇలాంటి ప్రకటనలో టైపు అంటే ఏమిటని కొత్తవాళ్లు అడిగితే హద్దు అని చెప్పేవాణ్ణి. ఒక గడిలో ఏ విలువలు నిలవొచ్చో ముందే ప్రకటించి, తక్కినవాటి మొహాన తలుపు వేయడం. దాని పైన డాక్యుమెంటేషన్‌గా వివరణ కోసం నేను రాసిన మాట కూడా ఉంది: 'మనిషి లోపల ఉంటాడు, లేదా బయట ఉంటాడు. మూడోది లేదు.' రాసిననాడు ఎంత మురిసిపోయానో! కోడైనా బైబిలు వాక్యమైనా గురువు లేకుండా నేర్చుకున్నవాణ్ణి. తప్పుపట్టేవాడు లేకుండా నేర్చుకున్నవాడికి గొంతు పెద్దదవుతుంది.

నువ్వు అప్పుడే అడిగావు, కార్డు చూపకుండా ఒకరి వెనక ఒకరు వస్తే ఏం చేస్తావన్నయ్యా అని. 'తెలియదు' అనే మూడో విలువ పెట్టు, ఎటూ తేలని మనిషికి తలుపు తెరుచుకోనివ్వు అన్నావు. తెలియదనేది విలువ కాదు, సోమరితనం అని నీకు జవాబు రాశాను. నులివెచ్చని నీళ్లు ఉమ్మేయడానికే పనికొస్తాయన్న వాక్యం కూడా తగిలించాను. కుర్రాళ్లు నవ్వుకున్నారు. ఆ నవ్వు నాకు మెచ్చుకోలులా వినిపించింది.

తర్వాత నీ ఇల్లాలు, నా మరదలు పోయింది. దర్జీ కొట్టు మీది మన ఆరాధన గదిలో, సంఘమంతా చూస్తుండగా, నిన్ను నిలబెట్టి అడిగాను, ఆమెను పరలోకంలో మళ్ళీ చూస్తావని నమ్ముతున్నావా లేదా అని. నువ్వు కుర్చీ వీపు పట్టుకున్నావు.

"తెలియదన్నయ్యా" అన్నావు.

"అయితే తెలిసేదాకా బయటే ఉండు" అన్నాను.

నువ్వు కుర్చీ మడిచి గోడకు ఆనించి, చెప్పులేసుకుని మెట్లు దిగిపోయావు. ఆనాటి నుంచి పక్కపక్క బల్లల దగ్గర కూర్చుంటూ, ఒకరి కోడ్ ఒకరు చూస్తూ, 'సరే', 'మార్చు' అనే రెండు ముక్కలతో బతుకుతున్నాం. ఒక కంచంలో తిన్న అన్నదమ్ములు కోడ్‌లో కాపురం పెట్టారని మీ వదిన దెప్పని రోజు లేదు.

ఏసీ చలికి వేళ్లు కొంకర్లు పోతుంటే, జేబులోని చిన్న గ్రంథం తీశాను. సింహాల బోను కథ తెరుచుకుంది. తన ముద్ర వేసిన శాసనాన్ని తానే మార్చలేక, నమ్మినబంటును సింహాల నుంచి తప్పించలేక, పొద్దుగూకేదాకా గిలగిల్లాడిన ఆ రాజును ఎన్నిసార్లు చెండాడానో నీకు తెలుసు. ఏనాడూ జాలిపడలేదు. ఇంకొన్ని పుటలు తిప్పితే, ప్రభువు తిరిగి లేచాడంటే, గాయాన్ని వేలితో తాకితే గాని నమ్మనన్న శిష్యుడు కనిపించాడు. నేను వందసార్లు బోధించిన చోటే, తమ్ముడూ, చూడనిది ఒకటుంది. ఆ మాట అన్నాక కూడా, తలుపులు బిగించుకున్న ఆ గదిలో, తక్కినవాళ్ల మధ్యనే అతను వారంపాటు ఉన్నాడు. తెలిసేదాకా బయట ఉండమని అతనితో ఒక్కరూ అనలేదు. అని ఉంటే, ప్రభువు వచ్చిన నాడు, తెలియాల్సినప్పుడు, అతను ఆ గదిలో ఉండేవాడే కాదు.

అందుకే ఈ మార్పు. ప్రకటనలో మూడో మాట చేర్చాను. డాక్యుమెంటేషన్‌లో పాత వాక్యం కొట్టేసి ఇలా రాశాను: 'తెలియదు: మనిషి ఎక్కడున్నాడో రూఢిగా చెప్పలేని స్థితి. ఇది తప్పు కాదు. ఈ స్థితిలో ఉన్నవారికి తలుపు రెండువైపులా తెరుచుకోవాలి.' నువ్వు ఒప్పుకుంటేనే ఇది అమల్లోకి వస్తుంది.

ఇట్లు,
తన ప్రకటనలోనే చిక్కుకున్న
నీ అన్న

తా.క. ఒక నిజం దాచి పంపలేను. ఇందులో సగం రాసేసరికే గేటు తాత వచ్చి తలుపు తీశాడు. రికార్డులో లేని మనిషి లోపల కూర్చుని ఉంటే దయ్యమనుకున్నానయ్యా అన్నాడు. నేను లేవలేదు. ఆ రోజు మెట్ల మీద నీ చెప్పుల చప్పుడు వింటూ, నన్ను నేను కూడా అడుక్కున్నాను, అమ్మను మళ్ళీ చూస్తానా అని. నీకు వచ్చిన జవాబే వచ్చింది. అది వినబడకుండా ప్రతి ఆదివారం ఇంకాస్త గట్టిగా అరిచాను. ఇప్పుడు దర్జీ కొట్టు మీద జనం నాకోసం కూర్చుని ఉన్నారు. ఇక్కణ్ణుంచి లేస్తే అక్కడ నిలబడాలి. తెలియదన్న ఆ మాట వాళ్లతో చెప్పాలి, లేదా మళ్ళీ అరవాలి. ఒంటరిగా వెళితే అరుస్తాను, నాకు తెలుసు. 'సరే' అన్నా 'మార్చు' అన్నా, ఈసారి రాసి ఊరుకోకు, ఈ గదికి వచ్చి చెప్పు. తలుపు మూసుకుంటే మళ్ళీ నన్ను గుర్తుపట్టదని, తాత ఊడ్చే అక్క బకెట్టు అడ్డంపెట్టి వెళ్లాడు.