మొదటి చేపకు సంబంధించిన నిబంధన

5-10-2003, ఆదివారం

డైరీ రాయడానికి ఒక విధానం ఉంది. తేదీ, వారం పైన ఉండాలి. అవసరమైతే వేళ కూడా. జరిగిన సంగతి ముందు, దానిపై అభిప్రాయం తరువాత రావాలి. కొట్టివేతలు ఉండరాదు. తప్పనిసరైతే ఒకే గీత గీసి, పక్కన పొట్టి సంతకం చేయాలి. ఇరవై ఆరేళ్ళుగా ఫ్యాక్టరీ స్టోర్స్ విభాగంలో ఫైళ్ళు నడుపుతున్నవాడిగా, పదకొండేళ్ళుగా బెంగళూరు తూర్పు చెరువుల గాలం క్లబ్‌కు గౌరవ కార్యదర్శిగా ఉన్నవాడిగా, నా ఆంతరంగిక విషయాలకు కూడా ఈ విధానమే వర్తిస్తుందని ఇందుమూలంగా తెలియజేస్తున్నాను. ఎవరికి తెలియజేస్తున్నాననే అంశం పెండింగ్.

విషయం: ఉడిపి దగ్గర మల్పె నుంచి సముద్రపు గాలం అసోసియేషన్ వారి సర్క్యులర్. చెరువుల్లో చేపలు పట్టే క్లబ్బులను పడవ పోటీల్లోకి తీసుకురావాలని వారి సంకల్పం. పోటీ నవంబరు 23న. క్లబ్‌కు ఒక పడవ, పడవకు నలుగురు సభ్యులు. ముగ్గురైతే ఎంట్రీ చెల్లదు. పాల్గొన్న క్లబ్‌కు ఎఫిలియేషన్, అనగా అసోసియేషన్ గుర్తింపు. లెటర్‌హెడ్ మీద ఆ మాట ఏ మూల అచ్చు వేయించాలో సర్క్యులర్ పూర్తిగా చదవకముందే నిర్ణయించుకున్నాను.

తూము దగ్గర మీటింగ్ పెట్టి చదివి వినిపించాను. పోటీ అన్నంతవరకు ముప్పై ఒక్కమందీ ఉత్సాహంగా ఉన్నారు. సముద్రం అన్నాక ఇద్దరు మిగిలారు. చందాపురలో టైర్ల షాపు బాలరాజు, వైట్‌ఫీల్డ్‌లో సాఫ్ట్‌వేర్ చేసే అభిజిత్. నాతో ముగ్గురు.

అభిప్రాయం: ముగ్గురిలో ఎవరికీ చేపలు పట్టడం సరిగా రాదు.

12-10-2003, ఆదివారం

సర్జాపుర వెళ్ళి, మీటింగుకు రాని సభ్యుడు వెంకటగిరియప్పను కలిశాను. వయసు అరవై ఒకటి. చిక్కుడు, బీర పండిస్తాడు. క్లబ్ బీరువాలోని కప్పుల్లో మూడు వంతులు ఆయనవే. దారాన్ని కుడి చూపుడువేలి మీదుగా పోనిచ్చి కళ్ళు మూసుకుంటాడు. నీళ్ళ కింద ఉన్నది రోహువా, జిలేబీ చేపా, ఎండ్రకాయా అన్నది ఆ వేలు చెబుతుంది. ఆయన ఇంతవరకు సముద్రం చూడలేదు.

సముద్రం సంగతి వివరంగా చెప్పాను. ఆయన తీగకు పందిరి కడుతూనే విన్నాడు.

"పెద్ద చెరువే కదా సారూ. తూము యాడుండాదో చూసుకుంటే సరిపాయె."

తూము లేదని చెప్పాను. అది కట్టినవాళ్ళ తప్పన్నాడు.

వస్తానన్నాడు, ఒక షరతు మీద. రోజు మొదట పడిన చేపను రెండు చేతుల్లోకి తీసుకుని, రెండు కళ్ళకూ అద్దుకుని, తిరిగి నీళ్ళలో వదలడం ఆయన ఆచారం. వాళ్ళ నాయన కూడా అలాగే చేసేవాడట. గుడ్డ అడ్డం పెట్టడు, ఒట్టి చేతులే. అది వద్దంటే మాత్రం సముద్రంలోనైనా సరే గాలం ముట్టనన్నాడు. అభ్యంతరమేమీ ఉండదని కార్యదర్శి హోదాలో హామీ ఇచ్చాను.

19-10-2003, ఆదివారం

పోటీ నిబంధనల పుస్తకం నిన్న పోస్టులో వచ్చింది. ఇంగ్లీషులో ఇరవై మూడు నిబంధనలు. వెంకటగిరియప్ప కోసం తెలుగులోకి అనువదించే బాధ్యత స్వయంగా స్వీకరించాను. ఉదయం తొమ్మిదికి ప్రారంభించి మధ్యాహ్నానికి పదహారు పూర్తి చేశాను.

పదిహేడో నిబంధన: ఏ చేపనూ ఒట్టి చేతులతో ముట్టుకోరాదు. ఈ తీరంలో కొన్ని చేపల ముళ్ళలో విషం ఉంటుంది. పరిశీలకుడి గ్లవ్స్, పటకారుతో మాత్రమే కొక్కెం తీయాలి. చేత్తో ముట్టుకున్న చేపకు పాయింట్లు ఇవ్వబడవు.

భోజనం చేశాను. కొంతసేపు కిటికీలోంచి చూశాను. తరువాత పద్దెనిమిదో నిబంధన అనువదించి, దానికి పదిహేడు అని నంబరు వేశాను.

సంక్షిప్తత అనువాదానికి శోభ. తెలుగు ప్రతిలో మొత్తం ఇరవై రెండు నిబంధనలు. టైపు నేనే చేశాను. మా ఆవిడ అలివేలు కాఫీ పెట్టి, ముఖం ఎందుకలా ఉందని అడిగింది. ముఖం ఎజెండాలో లేదని చెప్పాను.

26-10-2003, ఆదివారం

తెలుగు ప్రతి అందజేశాను. ఆయన చదివి, బాగుందని మడిచి సంచిలో పెట్టుకున్నాడు.

2-11-2003, ఆదివారం

చెరువులో పుట్టి మీద ప్రాక్టీసు. పడవలో ఎవరు ఎక్కడ కూర్చోవాలో చీటీలు తీసి నిర్ణయించాలని, అరగంటకోసారి స్థానాలు మారాలని నిబంధన. చీటీల మీద ముందు, వెనుక, కుడి, ఎడమ అని రాసి తీయించాను. పుట్టి గుండ్రంగా ఉంటుందని, పైగా తిరుగుతుందని చీటీలు తీశాకే గ్రహించాను. ముందు భాగం ఏదన్న విషయమై బాలరాజుకూ అభిజిత్‌కూ చర్చ జరిగింది. చర్చ ముగిసేసరికి బాలరాజుకు వాంతి అయింది. స్థానం: ఎడమ. లేదా వెనుక.

మన క్లబ్ నాలుగో రూలు సముద్రంలో కూడా అమల్లో ఉంటుందని ఈ సందర్భంగా ప్రకటించాను. దారం నీళ్ళలో ఉన్నంతసేపు ఎవరూ మాట్లాడరాదు. మాట్లాడినవాడు అందరి ఎర డబ్బాలూ కడగాలి. సముద్రం వాళ్ళ ముందు మన క్రమశిక్షణ కనబడాలన్నాను. వెంకటగిరియప్ప తల ఊపాడు. పంతొమ్మిదేళ్ళలో ఆయన ఒక్క డబ్బా కూడా కడగలేదు.

21-11-2003, శుక్రవారం

ఉడిపి బస్సు ఎక్కేముందు వెంకటగిరియప్ప భార్య సొన్నమ్మ వచ్చింది. రాగి రొట్టెల మూట నా చేతికిచ్చింది.

"ఆయప్పకు షుగర్ ఉండాది సార్. ఇంత అని అడగడు, నొప్పి అని చెప్పడు. మీరే చూసుకోవాల. మీ చేతుల్లో పెడతా ఉండా."

నోటెడ్ అన్నాను.

23-11-2003, ఆదివారం, ఉదయం 6

సముద్రం చూశాక వెంకటగిరియప్ప చాలాసేపు నిలబడ్డాడు. చెప్పులు విప్పాడు. చివరికి, కట్టమీదకి పోయినాను అనుకుంటే కట్టే లేదే సారూ, అన్నాడు. పంచె ఎగగట్టి పడవ ఎక్కాడు. పరిశీలకుడు తలా ఒక నిబంధనల పుస్తకం ఇచ్చి, ఇంగ్లీషులో చదివాడు. పదిహేడో దాని దగ్గర నేను గట్టిగా దగ్గాను.

అదే రోజు, సాయంత్రం 5. ఆసుపత్రి వరండా.

విధానం ప్రకారం, జరిగింది ముందు.

ఎనిమిదింటికి హారన్ మోగింది. దారాలు దించాము. అభిజిత్ అరగంట కూడా నిలవలేక పలకల మీద పడుకున్నాడు. బాలరాజు పడవ వెనుక ఉన్నాడు. నేనూ వెంకటగిరియప్పా పక్కపక్కన. తొమ్మిదీ పదికి ఆయన కళ్ళు మూసుకుని దారం లాగాడు. అచ్చం మన చెరువు జిలేబీలా ఉన్న చేప. ఆయన ముఖం వెలిగింది. పరాయి ఊళ్ళో బంధువు ఎదురైనట్టు. పరిశీలకుడు వెనుక బాలరాజు చేపను కొలుస్తున్నాడు. వెంకటగిరియప్ప కొక్కెం తీసి, రెండు చేతుల్లోకి తీసుకుని, కుడి కంటికి అద్దుకున్నాడు, ఎడమ కంటికి అద్దుకున్నాడు. చేప వీపు ముళ్ళు నిక్కబొడుచుకున్నాయి. ఆయన భుజాలు ఒకసారి అదిరాయి. చేపను మెల్లగా నీళ్ళలో వదిలాడు. కుడి చేతికి తువ్వాలు చుట్టుకున్నాడు. ఎడమ చేత్తో మళ్ళీ దారం దించాడు.

నేను చూశాను. అప్పుడు సమయం తొమ్మిదీ పన్నెండు.

నా దారం నీళ్ళలో ఉంది. ఆయన దారం నీళ్ళలో ఉంది. నాలుగో రూలు అమల్లో ఉంది.

ఎడమ చేత్తో ఆయన ఇంకో తొమ్మిది చేపలు పట్టాడు. వాటిని పరిశీలకుడే పటకారుతో తీసి కొలిచాడు. పదింటికి తువ్వాలు తడిసింది. స్థానాలు మారేటప్పుడు ఆయన లేచి, ఒకసారి కూర్చుని, మళ్ళీ లేచాడు. పెదవులు తెల్లబడ్డాయి. అప్పటికి మేము మూడో స్థానంలో ఉన్నామని పక్క పడవ నుంచి తెలిసింది. నేను గడియారం చూసుకున్నాను.

పదకొండున్నరకు హారన్ మోగింది. అందరూ దారాలు తీశాక ఆయన నావైపు తిరిగాడు.

"ఇప్పుడు మాట్లాడొచ్చునా సారూ?"

మాట్లాడవచ్చని అనుమతి ఇచ్చాను. తువ్వాలు విప్పి చూపించాడు. చెయ్యి మణికట్టు దాకా వాచి ఉంది.

ముల్లు గుచ్చుకోగానే చేతిని వేడినీళ్ళలో పెట్టాలని పడవ సరంగుకు తెలుసట. స్టవ్ మీద కెటిల్ పొద్దుటి నుంచీ ఉందట. ఎందుకు చెప్పలేదని సరంగు అందరినీ అడిగాడు. నేను ఎర డబ్బా మూత బిగించాను.

అభిప్రాయం: తరువాత.

24-11-2003, సోమవారం

ముల్లు మొన అరచేతిలో విరిగి ఉండిపోయింది. ఆపరేషన్ చేసి తీశారు. మాకు మూడో స్థానం.

29-11-2003, శనివారం

బెంగళూరుకు తెచ్చి చేర్పించాము. షుగర్ వల్ల చీము తగ్గలేదు. మళ్ళీ కోశారు. చూపుడువేలు, దాని పక్క వేలు ఇక ముడవవని డాక్టరు చెప్పాడు. స్పర్శ కూడా సగమేనన్నాడు. రొట్టెల మూట కట్టిన గుడ్డ ఉతికి సొన్నమ్మకు తిరిగి ఇచ్చాను.

7-12-2003, ఆదివారం

ప్రమాదంపై విచారణ సంఘం ఏర్పాటైంది. అధ్యక్షుడు: నేను. సభ్యుడు: బాలరాజు. సాక్షి: నేను. నలభై నిమిషాల విచారణ అనంతరం, చేపదే బాధ్యత అని ఏకగ్రీవంగా తేలింది. మినిట్స్ రాసి సంతకం చేశాను. చేతిరాత బాగా కుదిరింది.

అలివేలు మినిట్స్ చదివి, చేపకు నోటీసు ఇచ్చారా అని అడిగింది.

నిన్న పోస్టులో ఎఫిలియేషన్ పత్రం వచ్చింది. తెరవలేదు.

14-12-2003, ఆదివారం

వెంకటగిరియప్ప కూతురు సహన ఇంటికి వచ్చింది. చందాపుర గార్మెంట్ ఫ్యాక్టరీలో క్వాలిటీ చెకింగ్ చేస్తుంది. ఒక బొత్తాం తక్కువైతే చొక్కా ఆమె చేతులు దాటదు. నాయన సంచి సర్దుతుంటే రెండు పుస్తకాలూ దొరికాయట. రెండింటినీ బల్ల మీద పక్కపక్కన పెట్టింది.

"ఇంగ్లీషులో ఇరవై మూడు ఉండాయి సార్. తెలుగులో ఇరవై రెండు. ఒకటి యాడికి పోయింది?"

టైపులో జారిపోయి ఉంటుందన్నాను. జారిపోతే నంబరు కూడా జారాలి కదా, నంబర్లన్నీ వరసగా ఉన్నాయే అంది. విషయం పరిశీలనలో ఉందన్నాను. టైపు చేసింది ఎవరని అడిగింది.

ఆమె కాఫీ ముట్టలేదు. వెళ్తూ గుమ్మం దగ్గర ఆగింది.

"నాయనకు నేను చెప్పలేదు. చెప్పను కూడా. మీరే చెప్పాల."

అలివేలు వంటింటి గుమ్మంలో నిలబడి అంతా విన్నది. కాఫీ పారబోసింది.

17-12-2003, బుధవారం

వెంకటగిరియప్పకు లేఖ: డ్రాఫ్టు ఒకటి. "అనివార్య కారణాల వల్ల." చించేశాను.

18-12-2003, గురువారం

డ్రాఫ్టు నాలుగు. "అనువాద క్రమంలో చోటుచేసుకున్న." చించేశాను. చోటు దానంతటది చేసుకోలేదు.

21-12-2003, ఆదివారం

ఆసుపత్రి నుంచి వచ్చాక మొదటిసారి వెంకటగిరియప్ప చెరువుకు వచ్చాడని తెలిసి వెళ్ళాను. కట్ట మీద ఒక్కడే ఉన్నాడు. ఎరముద్ద ఎడమ చేత్తో చేయడం కుదరక రాయి మీద అదుముతున్నాడు. దారం ఇంకా దించలేదు. నేను జేబులోంచి డ్రాఫ్టు తొమ్మిది తీసి నిలబడే చదివాను. విషయం, సూచిక, మూడు పేరాలు. ఆయన చివరిదాకా విన్నాడు.

పదకొండేళ్ళుగా నన్ను సారూ అని తప్ప పిలవనివాడు, ఈసారి అలా పిలవలేదు.

"అది చెప్పింటే నేను రానని, నువ్వు చెప్పలేదు. అంతే కదప్పా పద్మనాభం?"

"అవును."

"తువ్వాలు చుట్టుకునేది చూసినావా?"

"చూశాను."

నా సర్వీసులో ఇంత చిన్న జవాబులు ఎవరికీ ఇచ్చిన గుర్తు లేదు. ఆయన చెరువువైపు తిరిగాడు.

"నాకు నీ రూలు అడ్డమొచ్చింది. నీకు ఏమి అడ్డమొచ్చింది?"

డ్రాఫ్టు మడిచి జేబులో పెట్టుకున్నాను. ఆయన దారం దించాడు. ఇక మాట్లాడే వీలు లేదు. అది నాకు శిక్షా, దయా అన్నది ఇప్పటికీ తేల్చుకోలేదు. ఆయన దారాన్ని అలవాటుగా కుడి చూపుడువేలి మీద వేసి, కాసేపు చూసి, తీసేసి ఎడమ వేలికి మార్చాడు. కళ్ళు మూసుకున్నాడు. ఎడమ వేలికి ఏమీ తెలియక రెండుసార్లు ఎర పోయింది. మూడోసారి పడింది. జిలేబీ.

కొక్కెం నేను తీశాను. ఆయన ఎడమ చెయ్యి చాచాడు, కుడి చెయ్యి చాచాడు. కుడి చేతి వేళ్ళు రెండు కర్రల్లా నిలబడ్డాయి. చేప జారి గట్టు మీద పడి కొట్టుకుంది. మళ్ళీ తీసుకున్నాడు. మళ్ళీ జారింది. నలభై ఏళ్ళుగా ఏ చేపా ఆ చేతుల్లోంచి జారలేదు. ఆయన దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

చేప చచ్చిపోతుందేమోనని నేనే తీసుకున్నాను. రెండు చేతుల్లోకి. ఒట్టి చేతులే. వీపు ముళ్ళు అరచేతిలో గుచ్చుకున్నాయి. మన చెరువు ముళ్ళలో విషం లేదు. ఉన్నా బాగుండేదని అనుకున్నాను. ఆయన ముందు మోకాళ్ళ మీద కూర్చుని చేతులు పైకెత్తాను.

ఆయన చాలాసేపు కదలలేదు. తరువాత ముఖం వంచి, కుడి కన్ను ఆనించాడు, ఎడమ కన్ను ఆనించాడు. చేపను నీళ్ళలో వదిలాను.

అరచేతి నుంచి రక్తం కారింది. తువ్వాలు ఇవ్వబోయి ఆయన ఆగి, ఏమీ ఇవ్వకుండా దారం దించాడు.

అభిప్రాయం: లేదు.

28-12-2003, ఆదివారం

క్లబ్ నిబంధన 17 (కొత్తది). వెంకటగిరియప్పకు రోజు మొదట పడిన చేపను, అది ఏ జాతిదైనా, ఏ నీటిదైనా, గౌరవ కార్యదర్శి రెండు ఒట్టి చేతులతో పట్టుకుని ఆయన కళ్ళకు అద్దవలెను. గ్లవ్స్ నిషిద్ధం. చేప పడని రోజున కార్యదర్శి పొద్దు గుంకేవరకు చేతులు చాచి కూర్చోవలెను. కార్యదర్శి రాజీనామా చేసినా, క్లబ్ రద్దయినా, చెరువు ఎండినా ఈ నిబంధన అమల్లో ఉండును. సవరణకు వీలు లేదు. ఇదే అంతిమం.