నీలం బ్యాక్‌గ్రౌండ్

జూలై 4, 2005

డైరీ రాయమన్నారు డాక్టర్ కనకలక్ష్మి గారు. ఎవరికీ చూపించక్కర్లేదట, ఆవిడకి కూడా. మరి దేనికండీ అంటే, సిట్టింగుకీ సిట్టింగుకీ మధ్య ఏది గుర్తొచ్చినా ఒకచోట పడెయ్యడానికి అన్నారు. చదివేవాళ్ళు లేని రాత ఎలా రాయాలో నాకు తెలీదు. ఎవరో చదువుతారన్నట్టే రాస్తాను.

పోయిన నెలాఖర్న స్టూడియో నుంచి వస్తుంటే బెంజి సర్కిల్ దగ్గర గాలీ వానా పట్టుకున్నాయి. ఆ తర్వాత ఏమీ గుర్తు లేదు. కరెంటు స్తంభాన్ని కావలించుకుని నిలబడ్డానట. ఎవరు పిలిచినా పలకలేదట. పాన్‌షాపతను నా బ్యాగులో నెంబరు చూసి ఫోన్ చేస్తే, మా ఆయన జాన్‌బాబు ఆటోనగర్‌లో లారీ బాడీ పని మధ్యలో వదిలేసి వచ్చాడు. నా చేతులు విడదీయడానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చారట. షాక్ కొట్టుంటే ఇద్దరం పోయేవాళ్ళం గదా అని ఇప్పటికీ తిడుతున్నాడు. తిట్టనీ.

డిసెంబర్లో టీవీలో సునామీ చూసినప్పటి నుంచీ ఇలాగే ఉంది. గాలి లేస్తే చాలు, చేతులు చల్లబడిపోతాయి.

దివిసీమ ఉప్పెనప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. నాన్న పనిమీద బందరు వెళ్ళాడు. నీళ్ళు వచ్చేసరికి అమ్మ నన్ను తన చీరతో తాడిచెట్టుకి కట్టింది. తెల్లారేసరికి నేనున్నాను, అమ్మ లేదు. తర్వాత నాన్న నన్ను బెజవాడలో సిస్టర్ల హాస్టల్లో పెట్టి, రెండేళ్ళకి ఆయనా పోయాడు. డాక్టరుగారికి చెప్పింది ఇంతే.

చెప్పనిది ఇక్కడ రాస్తాను. నేను వెళ్తున్నది గాలి భయం పోవాలని కాదు. నాకు మా అమ్మ ముఖం గుర్తు లేదు. ఉన్న ఒక్క పెళ్ళి ఫోటో ఇంటితోపాటే పోయింది. ఈ వైద్యంలో వేళ్ళ వెంట కళ్ళు తిప్పితే ఎప్పటెప్పటివో గుర్తొస్తాయని పేపర్లో చదివాను. నాకు ఆ ముఖం కావాలి.

జూలై 11

మొదటి సిట్టింగ్. సూర్యారావుపేటలో మేడ మీద గది. మంచం ఉంటుందనుకున్నాను, లేదు. రెండు కుర్చీలు. డాక్టరుగారు పక్కగా కూర్చుని, రెండు వేళ్ళు నా కళ్ళ ముందు ఇటూ అటూ తిప్పుతారు. తల కదపకుండా కళ్ళతో చూడాలి. లారీ వైపర్ని చూస్తూ కూర్చున్నట్టుంది. ఆపి, ఏం వచ్చిందండీ అంటారు. ఏం చెప్తే దానికి, సరే, దాంతోనే ఉండండి అని మళ్ళీ తిప్పుతారు.

ఆవిడ మద్రాసులో నేర్చుకున్నారట, సునామీ వాళ్ళకోసం వచ్చినవాళ్ళ దగ్గర. నా భయం సున్నా నుంచి పదిలో ఎంత అని అడిగారు. పది అన్నాను. ఏం వచ్చిందంటే నీళ్ళు అన్నాను. మళ్ళీ నీళ్ళే. చివరికి చీర రంగు వచ్చింది, ముదురు ఆకుపచ్చ. మెట్లు దిగుతూ ఏడ్చాను. రంగు వచ్చిందంటే మనిషి కూడా వస్తుందనిపించింది.

జూలై 18

నీళ్ళు.

ఆగస్టు 1

ఇవాళ తాటిబెరడు వాసన వచ్చింది. నా చెంపకి గీరుకుంటోంది. ఉప్పు. ఎవరో దూరంగా యేసయ్యా, యేసయ్యా అని అరుస్తున్నారు. అమ్మ కాదు.

అమ్మ ఎందుకు రాదండీ అని అడిగేశాను. డాక్టరుగారు వేళ్ళు దించి నన్ను చూశారు. ఇది పోయినవి వెతికి తెచ్చే మంత్రం కాదండీ, అప్పటి భయం ఇప్పటికీ నడుస్తోంది గదా, దాన్ని ఆపడానికి అన్నారు. జ్ఞాపకం కెమెరా కూడా కాదు, వచ్చిందల్లా జరిగిందే అనుకోకండి అన్నారు. నేను తలూపాను. విన్నది ఎవరు.

ఆగస్టు 16

నా ఉద్యోగం గురించి రాయలేదు. గవర్నరుపేటలో లక్ష్మీకాంత్ గారి స్టూడియో. పెళ్ళిళ్ళకి ఆయన వెళ్తారు. లోపల కంప్యూటర్ మీద కూర్చునేది నేను. చిరిగిన ఫోటోలు, చెదపట్టినవి, రేషన్ కార్డులో పిసరంత ముఖాలు తెస్తారు. గోడకి పెట్టుకునే సైజు చేసివ్వాలి. నలిగిన చీర తీసి పట్టుచీర తొడుగుతాను. బొట్టు పెడతాను. వెనకాల నీలం బ్యాక్‌గ్రౌండ్ వేస్తాను, మధ్యలో తెల్లగా, అంచులకి ముదురు. అందరికీ అదే నచ్చుతుంది.

అసలు ఫోటోనే లేదంటారు కొందరు. అప్పుడు చెల్లెలిదో కూతురిదో తెమ్మంటాం. దానికి వయసు పెంచి, జుట్టు నెరిపించి, వాళ్ళు పక్కన కూర్చుని ముక్కు ఇంకా కొంచెం లావండీ, కళ్ళు ఇంత పెద్దవి కావండీ అంటుంటే సరిచేస్తాను. ఒకచోటికి వచ్చాక ఠక్కున ఆగిపోతారు. అదేనమ్మా, మా అమ్మే అంటారు. బెజవాడలో ఎన్ని గోడల మీద నేను తయారుచేసిన అమ్మలున్నారో నాకే తెలీదు.

ఇవాళ లక్ష్మీకాంత్ గారు పెళ్ళికి గుడివాడ వెళ్ళారు. నా పాస్‌పోర్ట్ సైజు ఫోటో తెరిచాను.

ఆగస్టు 17

జుట్టు నడిపాపిడి తీసి ముడి వేశాను. ముక్కుపుడక పెట్టాను. అలవాటు కొద్దీ బొట్టు కూడా పెట్టేశాను. మేం పెట్టుకోం గదా, తీసేశాను. ఆకుపచ్చ చీర. చెప్పేవాళ్ళు పక్కన లేరు కాబట్టి ఎక్కడ ఆగాలో తెలీలేదు. భోజనం మానేసి చూస్తూ కూర్చున్నాను.

సెప్టెంబర్ 19

వచ్చింది. అమ్మ వచ్చింది.

డాక్టరుగారి వేళ్ళు ఎడమ కొసకి వెళ్ళినప్పుడు నీళ్ళలోంచి ముఖం పైకి వచ్చింది. నన్ను చూసింది. నడిపాపిడి, ముక్కుపుడక. నేను కుర్చీలోంచి లేచిపోయాను. డాక్టరుగారు నీళ్ళు తాగించి, ఇంక ఇవాళ్టికి చాలన్నారు. భయం ఎంతంటే రెండు అన్నాను. ఆవిడ రాసుకోలేదు. వచ్చేవారం చూద్దాం అన్నారు.

వస్తూ బస్టాండులో మల్లెపూలు కొన్నాను. జాన్‌బాబు ఏంటి విశేషం అన్నాడు. చెప్తే ఆయన కళ్ళు నీళ్ళతో నిండాయి. మనిషి మంచివాడు. ఇనుముతో పనిచేసేవాళ్ళు ఇలాగే ఉంటారేమో.

సెప్టెంబర్ 20

పొద్దున్నించీ కళ్ళు మూసుకుంటే చాలు, అమ్మ. పిలిస్తే వస్తోంది. ఇరవయ్యెనిమిదేళ్ళ తర్వాత నాకు ఒక అమ్మ ఉంది. పప్పు మాడిపోయింది. పోనీ.

సెప్టెంబర్ 23

స్టూడియోలో ఒకాయన వాళ్ళమ్మ ఫోటో తెచ్చారు. బ్యాక్‌గ్రౌండ్ వేస్తున్నాను. మధ్యలో తెలుపు, అంచులకి ముదురు నీలం. చెయ్యి ఆగిపోయింది.

నాకు కనిపించిన అమ్మ వెనకాల నీళ్ళు లేవు. ఈ నీలం ఉంది. అంచుల్లో ముదురు, మధ్యలో తెలుపు. ఉప్పెనలో, ఆ చీకట్లో, మా అమ్మ మా స్టూడియో బ్యాక్‌గ్రౌండ్ ముందు నిలబడి నన్ను చూసింది.

అందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడిందట. ఊళ్ళోవాళ్ళందరికీ అమ్మల్ని చేసిచ్చాను. నా సరుకు నేనే కొనుక్కున్నాను.

సెప్టెంబర్ 24

ఇప్పుడు అది పోనంటోంది. కళ్ళు మూస్తే అదే. దాని వెనక నిజంగా అమ్మ ఉంటే కూడా, ఇది అడ్డంగా నిలబడి ఉంది. ఖాళీ ఉన్నప్పుడే నయం. ఖాళీలో ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని ఆశ ఉండేది.

అక్టోబర్ 3

డాక్టరుగారికి అంతా చెప్పాను. ఫోటో గురించి, నేను అసలు ఎందుకు వస్తున్నానో కూడా. కోప్పడతారనుకున్నాను. ఆవిడ కుర్చీ నాకెదురుగా తిప్పుకున్నారు. తర్వాత, మీ అమ్మగారి పేరేంటండీ అన్నారు. మూడు నెలలుగా వెళ్తున్నాను, పేరు చెప్పలేదు. తెరేసమ్మ అన్నాను. ఆ పేరు నా నోటితో అని ఎన్నాళ్ళయిందో.

నవంబర్ 2

సమాధుల పండగ. జాన్‌బాబు వాళ్ళ అమ్మానాన్నల సమాధి కడిగి, సున్నం వేసి, బంతిపూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించాం. మనుషులు తిరునాళ్ళలాగా వచ్చారు. అందరూ ఎవరో ఒకరి దగ్గర కూర్చున్నారు. మా అమ్మని ఎక్కడ పూడ్చారో, కాల్చారో కూడా తెలీదు. మిగిలిన ఒక కొవ్వొత్తి బ్యాగులో వేసుకుని ఇంటికి తెచ్చాను. ప్రతి ఏడూ తెస్తాను. కరెంటు పోయినప్పుడు వాడేస్తాం.

అమ్మని చూసిన మనిషి భూమ్మీద ఒక్కతే మిగిలింది, మా మేనత్త రావమ్మ. అవనిగడ్డలో ఉంటుంది. నాన్న నన్ను హాస్టల్లో పెట్టడం తనకి ఇష్టం లేదు, అప్పట్నించీ మాటల్లేవు. ఆదివారం వెళ్తాను.

నవంబర్ 6

ఉయ్యూరు, పామర్రు, చల్లపల్లి. దారి పొడుగునా కోతకొచ్చిన చేలు. కిటికీలోంచి తాడిచెట్లు చూడకుండా ఒళ్ళో బ్యాగు వైపు చూస్తూ వెళ్ళాను.

అత్త నన్ను గుర్తుపట్టి ముందు తిట్టింది, తర్వాత అన్నం పెట్టింది. స్టూడియోలో చేసిన ఫోటో ప్రింటు చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని దూరంగా పట్టుకుని చూసింది. ఇది నువ్వే గదే, ముక్కుపుడక ఎప్పుడు పెట్టుకున్నావ్ అంది.

మీ అమ్మ ఇట్టా యాడుండేదే అంది. వదిన నలుపు, మొహాన అమ్మవారు పోసిన మచ్చలు, నవ్విందంటే చిగుళ్ళన్నీ కనపడేయి, ఎప్పుడూ నవ్వుతానే ఉండేది అంది. నేను ఆ మచ్చల్ని, ఆ చిగుళ్ళని లోపల అతికించుకుందామని చూశాను. అతకలేదు. ఎవరో తెలియని మనిషి గురించి విన్నట్టుంది. అది అన్నిటికంటే బాధనిపించింది. అత్త ముందు ఏడ్చాను.

అప్పుడు అత్త నా వీపు నిమిరింది. నిమురుతూ, ఈ వీపు మీద ఒక్క గీత లేదే ఆ రోజు అంది. ముళ్ళకంపలూ ఇళ్ళ వాసాలూ కొట్టుకొచ్చి చెట్లు పట్టుకున్నోళ్ళందరి వీపులూ చీరుకుపోయినయ్, నీకు ముందరంతా బెరడు గీరి రక్తాలు, వెనకమాత్రం పసిపిల్ల వీపల్లే ఉంది, నేనేగా పసుపు రాసింది అంది.

ఎందుకత్తా అన్నాను. నాకేం తెలుసే, నువ్వేగా ఉన్నది అంది.

నవంబర్ 14

అత్త మాట డాక్టరుగారికి చెప్పాను. ముఖం వెతకొద్దు, వీపు దగ్గర ఏముందో చూడండి అన్నారు. వేళ్ళు కదిలాయి. నీళ్ళు, బెరడు, ఉప్పు. చెంప చెట్టుకి ఉంది. ముందుకు చూస్తే చెట్టు తప్ప ఇంకేమీ లేదు.

తర్వాత బరువు వచ్చింది.

వీపంతా. భుజాల నుంచి నడుం దాకా. నా రెండు చేతుల మీద ఇంకో రెండు చేతులు, చెట్టుని కలిపి పట్టుకుని ఉన్నాయి. నడినెత్తి మీద గడ్డం. ఏదో అంటోంది. మాట తెలియడం లేదు, గొంతు కదలడం నా తలకి తెలుస్తోంది. ఏదో వచ్చి తగిలినప్పుడల్లా ఆ ఒళ్ళు అదురుతోంది. నాకు తగలడం లేదు.

చెట్టుకీ అమ్మకీ మధ్య నేనున్నాను. రాత్రంతా అమ్మ నా వెనకే ఉంది. నేను చూడలేదు. చూసే వీలే లేదు. ఇన్నేళ్ళూ నీళ్ళ వైపు చూస్తూ వెతికాను.

డాక్టరుగారు ఆపి అడిగితే, వెనక ఉంది అన్నాను. మళ్ళీ తిప్పారు. అప్పుడు బరువు తగ్గింది. ఒక చెయ్యి ముందు, తర్వాత రెండోది. వీపు మీదికి చలి వచ్చింది. బెంజి సర్కిల్లో గాలికి వచ్చిన చలి అదే. ఎప్పుడూ అదే.

కాసేపయ్యాక, ఇది తగ్గించొద్దండీ అన్నాను. పదికి పదీ ఉండనివ్వండి, అదొక్కటే నాకు మిగిలింది అన్నాను. డాక్టరుగారు నా చెయ్యి పట్టుకున్నారు, ఎప్పుడూ పట్టుకోరు. తగ్గేది భయమేనండీ అన్నారు. ఆవిడ స్పర్శ ఉండిపోతుందని నేను మాటివ్వలేను, కానీ మీకు ఇష్టం లేకపోతే ఇక్కడితో ఆపేద్దాం, మీరే ఆలోచించుకోండి అన్నారు.

నవంబర్ 15

రాజీవ్‌గాంధీ పార్కు దగ్గర గాలి లేచింది. నిలబడ్డాను. వీపు చల్లబడింది. ఆ చలికి ఒక్క నిమిషం ముందు అమ్మ ఉంది గదా అనుకుని, పారిపోకుండా ఉన్నాను.

నవంబర్ 19

ఉప్పెన వచ్చిన రోజే ఇవాళ. సాయంత్రం జాన్‌బాబుని నా వెనక నిలబడమన్నాను. ఎందుకు అన్నాడు. ఊరికే నిలబడు అన్నాను. నిలబడ్డాడు. గడ్డం నా తల మీద పెట్టమన్నాను. గ్రీజు వాసన, వెల్డింగు వాసన. అమ్మ కాదు. అయినా ఇంకాసేపు నిలబడు అన్నాను. కూర మాడుతోంది అన్నాడు. మాడనీ అన్నాను.

నవంబర్ 21

సిట్టింగుకి వెళ్ళాను. భయం మూడు. బరువు ఉంది. మధ్యలో ఒకసారి పోయింది, ప్రాణం పోయినంత పనయింది. మళ్ళీ వచ్చింది. స్టూడియోలో ఆ ఫోటో ఫైలు తీసేశాను. పాపం నా ముఖమే గదా, ఎవరికీ నష్టం లేదు.

నవంబర్ 27

జాన్‌బాబు చేత నా వీపు ఫోటో తీయించాను. చెయ్యి కదిలింది, కొంచెం మసగ్గా వచ్చింది. దిద్దలేదు. ఫ్రేము కట్టించి, పూలదండ వేసి, హాల్లో గోడకి పెట్టాను.

పక్కింటి సీతారావమ్మ గారు పెరుగు తోడుకి వచ్చి చూశారు. ఎవరమ్మా అన్నారు. మా అమ్మండీ అన్నాను.

గిన్నె పట్టుకుని చాలాసేపు నిలబడి చూశారు. అంతా నీ పోలికేనమ్మా అన్నారు.